షిఫ్టరుకు ఆరు, ఫ్రీవీల్‌కు ఏడు: స్టోన్‌హౌస్‌పేట సైకిల్ షాపు పనితనం

నెల్లూరులో గేరు సైకిల్ రిపేరంటే చాలా చోట్ల కేబుల్ బిగిస్తారు, కుదరకపోతే వదులు చేస్తారు, ఆఖరికి "గేరు సెట్టు మొత్తం మార్చాల" అంటారు. స్టోన్‌హౌస్‌పేటలోని ఈ చిన్న షాపులో స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు పళ్లచక్రాలు లెక్కపెట్టారు. నాలుగు స్టార్లు ముఖ్యంగా అందుకే.

బండి సెకండ్ హ్యాండ్‌ది. వెనక ఫ్రీవీల్‌కు (వెనక చక్రానికి బిగించే పళ్లచక్రాల గుత్తి) ఏడు పళ్లచక్రాలు, గేరు మార్చే హ్యాండిల్ మీది షిఫ్టరుకు ఆరే నంబర్లు. ఎవరో పాత ఫ్రీవీల్ అరిగితే దొరికింది బిగించేశారు. మర ఒకటే కాబట్టి ఎక్కేసింది, చిక్కంతా అక్కడే. ఆరు చక్రాల దాన్లో చక్రానికీ చక్రానికీ మధ్య దూరం సుమారు 5.5 మి.మీ., ఏడింటి దాన్లో 5 మి.మీ. అంటే ప్రతి క్లిక్కుకూ డెరైలర్ (చైనును ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) అర మిల్లీమీటరు ఎక్కువ జరుగుతుంది. మొదటి రెండు గేర్లు చక్కగా పడతాయి. నాలుగు క్లిక్కులయ్యేసరికి తేడా 2 మి.మీ. అయి చైను గరగరలాడుతుంది, పక్క చక్రం మీదికి ఎగబాకుతుంది. "స్క్రూ తిప్పితే సరిపోద్దని అనుకోబాకండి" అని మెకానిక్ ముందే తేల్చేశాడు.

ఆరు చక్రాల ఫ్రీవీల్ వేయడమో, ఏడు నంబర్ల షిఫ్టరు మార్చడమో, దారులు రెండే. పళ్లు బాగున్నాయి కాబట్టి షిఫ్టరే మార్చారు. డెరైలర్ మార్చలేదు.

అసలు పనితనం తర్వాత కనిపించింది. ఏడు చక్రాల ఫ్రీవీల్ వెడల్పెక్కువ, అందుకే చిన్న చక్రం మీద చైను ఫ్రేముకు రాసుకుంటోంది. ఇరుసుకు ఎడమ పక్కనున్న 2 మి.మీ. వాషరు తీసి కుడి పక్క కోనుకూ (బేరింగు గోళీలను పట్టి ఉంచే నట్టు) దాన్ని బిగించే లాక్‌నట్‌కూ మధ్య వేశారు. ఇరుసు రెండు వైపులా సమానంగా బయటికొచ్చేలా జరిపారు. ఇంతటితో వదిలేస్తే రిమ్ము ఎడమకు పోయి బ్రేకు కట్టలకు రాసుకుంటుంది. కుడి చువ్వలు కొద్దికొద్దిగా బిగిస్తూ, ఎడమవి వదులు చేస్తూ మధ్యకు తెచ్చారు. చివర్లో డెరైలర్ హద్దు దాటకుండా ఆపే రెండు లిమిట్ స్క్రూలూ సరిచూసి, పెద్ద చక్రం దాటి చైను చువ్వల్లో పడకుండా చూశారు.

చైను మార్చమని అడిగినా మార్చలేదు. ఆరుకూ ఏడుకూ ఒకే చైను సరిపోతుంది. స్కేలు పెట్టి 24 లింకులు కొలిచారు: కొత్తదైతే సరిగ్గా 12 అంగుళాలు. 1/16 అంగుళం సాగితే మార్చాలి, 1/8 దాకా పోతే ఫ్రీవీల్ పళ్లూ పోయినట్టే. (మైపాడు బీచికి తిప్పే సైకిళ్లకు ఉప్పుగాలి తుప్పు అదనం, చైను తుడిచి ఆయిల్ వేయకపోతే ఏ మెకానిక్కూ కాపాడలేడు.)

ఒక స్టారు కోసింది కేబుల్ చివర టోపీ పెట్టనందుకు. చిన్న పనే, కానీ పోగులు విడిపోతే రేపు కేబుల్ మార్చాలి. అడిగి పెట్టించుకోండి. షిఫ్టరు స్టాకు ఉండదు, ముందురోజే చెబితే తెప్పిస్తారు. సామానుకూ కూలికీ రేటు విడివిడిగా చెబుతారు. బడి వదిలే వేళ పంక్చర్ల రద్దీ, మధ్యాహ్నం పోతే మీ బండి చేతిలోకి తీసుకుంటారు.