పద్యం వినడానికి రెండు పెట్టెలు: కెఫ్ క్యూ150

నా బడ్జెట్ మొత్తం డెబ్బై వేలు. స్పీకర్లు, ఆంప్లిఫయర్, స్టాండ్లు, తీగలు అన్నీ అందులోనే రావాలి. ఆ డబ్బుకు మంచి కేబుల్ కూడా రాదని నవ్వేవాళ్లు ఆడియో లోకంలో ఉంటారు, వాళ్లతో నాకు పని లేదు. నేను వినేవి ఘంటసాల పద్యాలు, బాలమురళి కచేరీలు, ఈమని శంకరశాస్త్రి వీణ, అప్పుడప్పుడు నాదస్వరం. నాకు ముందు కావలసింది గొంతు. కిటికీ అద్దాలు అదరకపోయినా ఫరవాలేదు.

"అదే డబ్బుకు అయిదు స్పీకర్లు, సబ్‌వూఫర్ కలిపి హోం థియేటరే వస్తుంది కదా బాబాయ్" అన్నాడు మా అన్నయ్య కొడుకు. వస్తుంది. ఉన్న కాస్త డబ్బును ఆరు పెట్టెలకు పంచితే ఒక్కో పెట్టె వంతుకు ఏం మిగులుతుందో అతను లెక్క వేయలేదు. పాట వినడానికి రెండు స్పీకర్లు చాలు, ఆ రెండూ గట్టివి కావాలి.

నేను కెఫ్ అనే స్పీకర్ల కంపెనీ వైపు మొగ్గడానికి మొదటి కారణం బేరం. క్యూ150 2017లో వచ్చిన మోడల్. 2024లో కంపెనీ క్యూ వరుసను "మెటా" పేరుతో కొత్తగా తెచ్చింది. కొత్తది వచ్చాక అంగళ్లలో మిగిలిన పాత నిల్వ ధర దిగుతుంది. స్పీకరు ఫోను కాదు. 2017 నాటి డిజైన్ అయినంత మాత్రాన పాట పాతబడదు. నా బడ్జెట్‌లో సగానికి కొంచెం తక్కువే దీనికి పోయింది. తక్కువ డబ్బుతో పై మెట్టు సరుకు కావాలనుకునేవాళ్లకు నాకు తెలిసిన దారి ఇదే: నిన్నటి మోడల్, కొత్త పెట్టెలో.

రెండో కారణం వంశం. కెఫ్‌ను 1961లో ఇంగ్లండులోని కెంట్‌లో రేమండ్ కుక్ మొదలుపెట్టారు. ఆయన అంతకు ముందు బీబీసీలో పనిచేసిన ఇంజనీరు. బీబీసీ 1970లలో తన ప్రసార వాహనాల కోసం తయారు చేయించుకున్న ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకరులో శబ్దం పుట్టించే యూనిట్లు కెఫ్‌వే. ఇరుకు వ్యానులో కూర్చుని మాట స్పష్టంగా వస్తున్నదా లేదా అని చూసుకోవడానికి పుట్టిన పెట్టె అది. దాని స్ఫూర్తితో 2012లో ఎల్ఎస్50 వచ్చింది. అది నా స్తోమతకు మించింది. క్యూ150 దానికి తమ్ముడి వరస: అదే అయిదుంపావు అంగుళాల కోను, దాని నడిబొడ్డున సన్నటి స్వరాలు పలికే ట్వీటర్.

ఈ నడిబొడ్డు ట్వీటరే అసలు సంగతి. 1988 నుంచి కెఫ్ దీన్ని యూని-క్యూ అంటోంది. మామూలు స్పీకరులో ట్వీటర్ పైన, మంద్ర స్వరాలు పలికే వూఫర్ కింద ఉంటాయి. చెవి ట్వీటర్ ఎత్తులో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. కిందికి దిగితే, రెండూ కలిసి పలికే స్వరాల దగ్గర ఒకదాని శబ్దం మరొకదాని కన్నా ఆలస్యంగా అందుతుంది. గొంతులో కొంత భాగం పలచబడుతుంది. సోఫాలో కూర్చునేవాళ్లకు ఇదేమంత సమస్య కాదు. మా ఇంట్లో నేను సోఫాలో, మా ఆవిడ కింద చాప మీద పువ్వులు కట్టుకుంటూ, మా అమ్మ మంచం మీద. క్యూ150లో శబ్దం ఒకే కేంద్రం నుంచి బయలుదేరుతుంది కాబట్టి ముగ్గురికీ దాదాపు ఒకే గొంతు వినిపిస్తోంది. విదేశీ సమీక్షల్లో చాప ప్రస్తావన ఉండదు, ఉండాలని ఆశించడమూ తప్పే.

అంగడిలో వినేటప్పుడు వాళ్ల డెమో పాటలు వద్దనండి. గిటారు తీగ, నీటి చుక్క, ఢామ్మని ఒక డప్పు: వీటితో ఏ స్పీకరైనా గొప్పగానే ఉంటుంది. మీకు కంఠతా వచ్చిన పాత మోనో పాట పట్టుకెళ్లండి. 1950ల నాటి మన సినిమా పాటలన్నీ దాదాపు మోనోయే, అంటే రెండు స్పీకర్లకూ అందేది ఒకే శబ్దం. సరిగ్గా మధ్యలో కూర్చుంటే గొంతు రెండు పెట్టెలనూ వదిలేసి, వాటి నడుమ ఉన్న ఖాళీ గోడ ముందు నిలబడాలి. గొంతు పక్కకు జరిగితే దూరాలు సమానంగా లేవన్నమాట. ఎక్కడినుంచి వస్తున్నదో తెలియకుండా పలచగా చెదిరిపోతే ఏదో ఒక స్పీకరుకు ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారై ఉంటాయి. క్యూ150లో ఘంటసాల గొంతు మేకు కొట్టినట్టు మధ్యలో నిలిచింది. పద్యం చివర రాగం తీసేటప్పుడు ఊపిరి ఎక్కడ కూడదీసుకున్నారో కూడా తెలిసింది.

ఇంకో జాగ్రత్త. రెండు జతలను పోల్చేటప్పుడు శబ్దం సమానంగా పెట్టించండి. కాస్త గట్టిగా మోగేదే మేలైనదని చెవి నమ్మేస్తుంది. ఫోనులో శబ్దం కొలిచే ఆప్ ఉంటే చాలు. నేను ఫోను తీసేసరికి అమ్మే కుర్రవాడు "మీరు ఆ లైన్లో వారా సార్" అన్నాడు. కాదు బాబూ, జీతం లెక్క చూసుకుని ఖర్చు పెట్టేవాణ్ణి.

ఇక లోటు. కంపెనీ లెక్క ప్రకారమే ఇది మంద్ర స్వరాల్లో 51 హెర్ట్జ్ (సెకనుకు 51 కంపనాలు) దాకా దిగుతుంది. మృదంగం తొప్పి గుమికి చిక్కు లేదు. డోలు దెబ్బ మాత్రం చెవికి తెలుస్తుంది కానీ గుండెకు తగలదు. అది ఈ సైజు పెట్టె హద్దు. సినిమా పేలుళ్లు కావలసినవాళ్లు దీన్ని కొనవద్దు. గాలి రంధ్రం వెనక ఉంది కాబట్టి షోకేసు గూట్లో దూర్చకూడదు, దూర్చితే మగ గొంతులన్నీ కుండలోంచి వస్తాయి. గోడకు అడుగున్నర దూరం ఇచ్చాను. నేలంతా నున్నటి టైల్స్, నాలుగు పక్కలా సిమెంటు గోడలు ఉన్న మన హాళ్లలో మందపాటి కర్టెను, ఒక జంపఖానా వేస్తే వచ్చే తేడా, మరో ఇరవై వేలు స్పీకరు మీద పెట్టినా రాదు.

దీని సున్నితత్వం 86 డెసిబెళ్లు, అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వచ్చే శబ్దం. ఇద్దరు మాట్లాడుకునే మాట 60 ప్రాంతంలో ఉంటుంది. చిన్న హాలులో కూర్చుని వినేదానికి వందల వాట్లు అక్కర్లేదు. ఎవరో వాడిన యమహా ఏ-ఎస్301 ఆంప్లిఫయర్ కొన్నాను, 60 వాట్లది. శబ్దం పెంచే నాబు తొమ్మిది గంటల స్థానం దాటించాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు.

తీగలకు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే బంగారు రంగు కేబుల్ కూడా చూపించారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ నిరోధం కిలోమీటరుకు ఎనిమిది ఓమ్‌ల లోపే. నాకు కావలసింది ఒక్కో వైపు మూడు మీటర్లు, రానూపోనూ ఆరు. ఓమ్‌లో ఇరవయ్యో వంతు కూడా కాదు. ఇల్లు కట్టేటప్పుడు వాడే తీగే కొన్నాను. స్టాండ్లు మా వీధి వెల్డింగు షాపులో చేయించి, గొట్టాల్లో ఇసుక నింపాను.

ముందు భాగాన్ని కప్పే జాలీ వీటితో రాదు, విడిగా కొనుక్కోవాలి. నడిమధ్యలో మెరుస్తూ కనిపించే ఆ ట్వీటర్‌ను చూసి వేలు పెట్టి నొక్కని పిల్లలు ఉండరు. చిన్నపిల్లలున్న ఇల్లయితే ఆ ఖర్చు మొదటే లెక్కలో వేసుకోండి. నేను వేసుకోలేదు, సంక్రాంతికి మా చెల్లెలి మనవలు వచ్చేలోపు తెప్పించాలి.