శ్రమకాలంలో మెదక్ చర్చి: తొమ్మిదిమంది, రెండు బకెట్లు

మెదక్ చర్చికి అందరూ క్రిస్మస్‌కు వెళ్తారు. నేనూ చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి వెళ్లినదాన్నే. గుర్తున్నదల్లా జనం తలలు. ఈసారి శ్రమకాలంలో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై ఉపవాస దినాల్లో, మార్చిలో ఒక శుక్రవారం, సికింద్రాబాద్‌లోని మా సంఘం స్త్రీల మైత్రి నుంచి తొమ్మిదిమందిమి వెళ్లాం. ఆ గుడిని నిజంగా చూడాలంటే ఈ నలభై రోజుల్లోనే చూడాలి.

బయలుదేరేటప్పటికి నా మనసు బాగాలేదు. పన్నెండేళ్లు నడిపిన కుట్టు దుకాణం జనవరిలో మూసేశాం. శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఆరాధనకు వెళ్లాను గాని ప్రార్థన నోట రాలేదు. ఆ మాట మేం పెద్దక్క అని పిలుచుకునే ఆమెకు చెప్పాను. ఆమె కొడుక్కి వారానికి రెండుసార్లు డయాలసిస్. "నువ్వు ఊరికే మా పక్కన కూర్చోమ్మా, ప్రార్థన మేం చేస్తాం" అంది. అందుకే వెళ్లాను.

జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. దూరం దాదాపు వంద కిలోమీటర్లు. మహాలక్ష్మి పథకం కింద ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్. చేతిలో డబ్బాడని నెలలో అదెంత మేలో నాకు తెలుసు. నర్సాపూర్ అడవిలో మోదుగలు విరగబూసి ఉన్నాయి. 2022లో మెదక్‌కు రైలు కూడా వచ్చింది గాని బండ్లు తక్కువ, బస్సే నయం.

చర్చి ఆవరణలో వేపచెట్ల నీడ, దూరంగా ఎవరో ఊడుస్తున్న చప్పుడు. అంతే. 175 అడుగుల గోపురాన్ని మెడ వెనక్కి వాల్చి తీరిగ్గా చూశాం. ఛార్లెస్ పాస్నెట్ అనే మిషనరీ 1914లో మొదలుపెట్టిన పని ఇది. గుడి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం, కరువు. తిండి లేక వచ్చినవాళ్లకు ఊరికే పెట్టకుండా పని ఇచ్చి, ఆ కూలితో వారి కడుపులు నింపారని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. బయటి గోడ రాయి మీద చెయ్యి పెట్టాను. ఉలి దెబ్బలు వేళ్లకు గరుకుగా తగిలాయి. ఆ దెబ్బ వేసిన మనిషికి ఆ పూట ఇంట్లో గంజి ఉందో లేదో అనిపించింది. మా అమ్మమ్మ వాళ్ల తాతది మెదక్ పక్క పల్లె. ఆయన ఇక్కడ రాళ్లు మోశాడో లేదో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అయినా ఆ గోడ నాకు పరాయిదిగా అనిపించలేదు.

చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ శాలిస్‌బరీ గీసిన సిలువ కిటికీకి ఎదురుగా కూర్చున్నాం. రంగు అద్దానికి ప్రాణం ఎండే. మబ్బు కమ్మినప్పుడల్లా క్రీస్తు ముఖం మసకబారేది, మబ్బు తొలగగానే వెలిగేది. పెద్దక్క తన కొడుకు పేరెత్తి ప్రార్థించింది. తర్వాత ఇంకొకామె, గత ఏడాది భర్తను పోగొట్టుకున్నామె, నా దుకాణం గురించి ప్రార్థించింది. తన బాధ ఒక్క ముక్క చెప్పుకోలేదు. అప్పుడు ఏడ్చాను. రెండు నెలల తర్వాత "ప్రభువా" అన్న మాట నా నోట వచ్చింది.

బస మాత్రం బాగాలేదు. ఫోనులో మూడు గదులన్న లాడ్జి వాళ్లు రెండే ఇచ్చారు. సాయంత్రానికి కుళాయిలు ఎండిపోయాయి. అడిగితే రెండు బకెట్ల నీళ్లు తెచ్చిపెట్టారు, తొమ్మిదిమందికి. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. పెద్దవాళ్లతో వెళ్లేవారు గది చూసి, కుళాయి తిప్పి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. లేదంటే ఉదయం వచ్చి సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్లండి. గుడికి ఒక పూట చాలు. ఎండలో మెదక్ కోట ఎక్కే ఓపిక మాకు లేక మానేశాం.

ఆ రాత్రి నీళ్లు చెంబుతో కొలుచుకున్నాం. ముందు పెద్దవాళ్లు, తర్వాత మేం. పొద్దున్నుంచి ఉపవాసం. పెద్దక్క డబ్బాలో తెచ్చిన రాగి అంబలిలో మజ్జిగ కలిపి, ఉల్లిపాయ కొరుక్కుంటూ స్టీలు గ్లాసుల్లో తాగాం. సిలువ మీద ప్రభువు దాహమన్న మాట ఒకామె ఎత్తింది. దాని మీద ఎవరూ ప్రసంగం చేయలేదు. బకెట్‌లో మిగిలిన నీళ్ల మీద మూత పెట్టి పడుకున్నాం.

తిరిగి వచ్చాక శుక్రవారాలు కలిసే ఉపవాసం విడుస్తున్నాం, వారానికొకరి ఇంట్లో. పెద్దక్క కొడుకు డయాలసిస్ రోజుల్లో ఆస్పత్రి దగ్గర ఆమెకు తోడుగా ఒకరు కూర్చుంటున్నాం. మంగళవారం నా వంతు. వచ్చే శుక్రవారం అంబలి మా ఇంట్లో. రాగిపిండి ఈ పొద్దునే పట్టించుకొచ్చాను.