టోపలోవ్ ముందుకొచ్చిన ఏనుగు: చంపడమా, వదలడమా?

1999 జనవరి 20, నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో చదరంగం పోటీ. తెల్లపావులతో ఆడుతున్న రష్యా గ్రాండ్‌మాస్టర్ గ్యారీ కాస్పరోవ్ 24వ ఎత్తులో తన ఏనుగుతో (రూక్) డి4లోని బంటును చంపాడు (నిలువు వరుసకు అక్షరం, అడ్డు వరుసకు అంకె కలిపితే గడి పేరు). ఆ ఏనుగును చంపడానికి నల్లపావుల బల్గేరియా ఆటగాడు వెసెలిన్ టోపలోవ్‌కు సి5లో బంటు సిద్ధంగా ఉంది. చంపాడు. ఇరవై ఎత్తుల తర్వాత ఓటమి ఒప్పుకున్నాడు.

చంపితే ఏనుగు లాభం. అయితే ఎ7లో ఉన్న నల్లరాజుకు ఏటవాలు దారిలో అడ్డుగోడ ఆ సి5 బంటే. అది పక్కకు జరగగానే దారి తెరుచుకుంది. కాస్పరోవ్ రెండో ఏనుగును ఇ7కు తెచ్చి చెక్ చెప్పాడు. దాన్ని మంత్రితో చంపితే వరుస చెక్‌లతో నాలుగే ఎత్తుల్లో ఆటకట్టు. రాజు బి6కు తప్పుకుంటే తెల్లమంత్రి డి4 బంటును చంపి మళ్లీ చెక్. టోపలోవ్ రాజుతోనే ఎ5లోని తెల్లగుర్రాన్నీ చంపాడు. అంత బలగం చేతికి వచ్చినా, ఆ రాజు ఇంటికి చేరలేదు. ప్రత్యర్థి చివరి వరుసలో, ఇ1 దాకా తరుముడే.

మరి వదిలేస్తే? రాజును నేరుగా బి6కు జరపాలి. ఎ5 గుర్రం ప్రమాదంలో పడి బి3కి వెనక్కి వెళ్తుంది. నల్లశకటు (బిషప్) డి5లోని తెల్లబంటును తీసుకుంటుంది. ఎదురెదురుగా ఉన్న మంత్రులు మార్పిడైపోతాయి, తెల్ల ఏనుగు డి2కి తగ్గుతుంది. బలగాలు సమానం, రాజుకు భయం లేదు.

నా మాట స్పష్టం: వదలడమే మేలు. పదిహేను ఎత్తులు ముందుకు లెక్కించలేకపోయినా ఇక్కడ అడగదగిన ప్రశ్న ఒకటుంది. నా రాజు బయట పడి ఉన్నప్పుడు ప్రత్యర్థి మంత్రిని బల్ల మీద ఎందుకు ఉండనివ్వాలి? పిల్లలకు ఆట నేర్పేటప్పుడు బలగం లెక్క ముందు చెబుతాం, ఈ ప్రశ్న ఆలస్యంగా చెబుతాం. రెండూ ఒకే రోజు చెప్పాలి.

కాస్పరోవ్‌కూ 28వ ఎత్తులో ఇలాంటి ఎంపికే ఎదురైంది. అతను మంత్రిని సి3కి జరిపాడు. ఏనుగును వెంటనే ఎ7కు తెస్తే గెలుపు ఇంకా సూటిగా ఉండేదని తర్వాతి విశ్లేషణలు తేల్చాయి. అక్కడా రెండో దారే మేలు. కానీ 36వ ఎత్తులో అతని హెచ్3 శకటు ఎఫ్1కు వెనక్కి వచ్చి నల్లమంత్రికి ఎదురు నిలిచింది ఆడిన దారిలోనే. మంత్రి దాన్ని చంపితే సి2లో చెక్, ఇ7లో చెక్, ఆపై ఆటకట్టు. ఎన్నిసార్లు బల్ల మీద పేర్చుకున్నా ఆ శకటు దగ్గర నా చెయ్యి ఆగిపోతుంది.