నవల రాయడంపై సలహాలు: తొమ్మిదేళ్ళు వాడి చూశాక

తొమ్మిదేళ్ళలో మూడు నవలలు రాశాను. మొదటిది నూట పది పేజీల దగ్గర ఆగిపోయింది. రెండోది పూర్తయింది కానీ ఎవరూ అచ్చు వెయ్యలేదు. మూడోది అచ్చయింది. ఈ మధ్యలో నవల ఎలా రాయాలో చెప్పే సలహా ఏది కనబడినా వదల్లేదు. కొన్ని కొత్త చెప్పుల్లా కరిచి, వాడగా వాడగా కాలికి సర్దుకున్నాయి. కొన్ని ఎన్నాళ్ళు తొడుక్కున్నా కరుస్తూనే ఉన్నాయి. నాకు ఆలస్యంగా తెలిసిందేమిటంటే, చాలా సలహాలు తప్పు కావు, వేళ తప్పినవి. తిరగరాసేటప్పుడు పనికొచ్చే మాటను మొదటి చిత్తుప్రతిలోనే పట్టుకుంటే చెయ్యి ఆడదు.

అందరూ ముందు చెప్పేది రోజూ రాయమని. దీనికి నా మార్కులు ఎక్కువే. 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలోప్ పోస్టాఫీసు ఉద్యోగానికి వెళ్ళేలోపు, వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాడు. అది చదివి నేనూ గడియారం పెట్టుకున్నాను. ఆ తర్వాత ముప్పై రోజుల్లో 50,000 పదాలు రాసే పోటీ గురించి తెలిసింది. 1999లో 21 మందితో మొదలై ప్రపంచమంతా పాకిన పోటీ అది. రోజుకు దాదాపు 1,667 పదాలు పడాలి. తెలుగులో ఆ లెక్కతో దిగి పది రోజులకే చతికిలపడ్డాను. మనకు ‘వెళ్ళిపోయాడనుకున్నాను’ అనేది ఒక్క పదం. ఇంగ్లీషులో అదే సంగతికి ఐదారు పదాలు కావాలి. వాళ్ళ లెక్కను మనం అలాగే తెచ్చుకుంటే పని ఎంతో పెరుగుతుంది. పైగా నేను లెక్క నింపడానికి ప్రతి అధ్యాయంలో సూర్యోదయం వర్ణించాను. ఇప్పుడు పదాలు లెక్కపెట్టడం మానేసి రోజుకో సన్నివేశమో, కుదరకపోతే ఒక పేజీయో పెట్టుకున్నాను. రెండు రోజులు తప్పినా టెన్షన్ పడను. నాలుగో రోజూ తప్పితే మాత్రం పాత్రల గొంతులు చెవిలోంచి జారిపోతాయి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదువుకోవాల్సి వస్తుంది.

ముందే కథంతా వేసుకోవాలా, రాస్తూ పోవాలా అన్న గొడవలో రెండు వైపులా దెబ్బతిన్నాను. మొదటి నవల ఏ ప్లానూ లేకుండా రాశాను. నూట పది పేజీల తర్వాత తెలిసింది, కథానాయికకు ఏం కావాలో నాకే తెలియదని. ఆమె కిటికీలోంచి చూస్తుంది, ఉత్తరాలు చదువుతుంది, నిట్టూరుస్తుంది. అంతే. ఆ భయంతో రెండోదానికి నలభై కార్డుల మీద సన్నివేశాలన్నీ రాసి గోడకు అంటించాను. నవల పూర్తయింది, అందులో ప్రాణం లేదు. పాత్రలు కార్డు చెప్పింది చేశాయి, అంతకు మించి ఒక్క అడుగు వెయ్యలేదు. మూడోదానికి మూడే సంగతులు పెట్టుకున్నాను: ఎవరికి ఏం కావాలి, చివరికి కథ ఎక్కడికి చేరాలి, ఇప్పటి నుంచి ముందుకు రాబోయే మూడు సన్నివేశాలు. మిగతాది రాస్తుంటేనే తేలింది.

అసలు ప్లాను ఎక్కువగా పనికొచ్చింది నవల పూర్తయ్యాక. చిత్తుప్రతి ముందు పెట్టుకుని, ఒక్కో అధ్యాయానికి ఒక్కో వాక్యం రాశాను: ఎవరికి ఏం కావాలి, అధ్యాయం చివరికి ఏం మారింది. ముప్పై నాలుగు అధ్యాయాల్లో పదకొండింటి దగ్గర ‘ఏమీ మారలేదు’ అని రాయాల్సి వచ్చింది. రెండు రోజులు కాగితాల వంక చూడలేదు. తర్వాత ఏడు తీసేసి, నాలుగింటిని పక్క అధ్యాయాల్లో కలిపాను. వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన వర్షం సన్నివేశం కూడా పోయింది. చదివినవాళ్ళలో ఒక్కరూ అది లేని లోటు పట్టలేదు. ఈ పనికి నేను ఐదుకి ఐదూ ఇస్తాను.

‘చెప్పకు, చూపించు’ అన్న సలహా నన్ను చాలా ఏడిపించింది. దాన్ని నమ్మి ఎవరికి కోపం వచ్చినా పిడికిళ్ళు బిగించాను, పళ్ళు కొరికించాను. నవలంతా దవడ నొప్పి ఉన్నవాళ్ళ కథలా తయారైంది. ‘రెండేళ్ళు గడిచినా వాళ్ళు మాట్లాడుకోలేదు’ అని ఒక్క వాక్యంలో తేలేదాన్ని నాలుగు పేజీలు చూపించాను. మలుపు తిరిగే చోట చూపించాలి, దారి మధ్యలో చెప్పేసి దాటిపోవాలి. ఏది మలుపో మొదటి ప్రతి రాసేటప్పుడు మనకే సరిగ్గా తెలియదు. అందుకే ఈ సలహాను ఇప్పుడు రెండో ప్రతికి దాచుకుంటున్నాను.

సంభాషణలు పైకి చదవమనేది చాలా మామూలు సలహా, నూటికి నూరుపాళ్ళూ పనిచేసింది. ఫోనులో రికార్డు చేసుకుని విన్నాను. తాతగారూ, పదహారేళ్ళ మనవరాలూ ఒకే తీరున పుస్తకాల తెలుగు మాట్లాడుతున్నారు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరు ప్రతి మాటకూ ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకుంటున్నారు. ఇంట్లో అలా ఎవరు పిలుచుకుంటారు? ఇక ‘గర్జించాడు, వాపోయాడు, ఉద్ఘాటించాడు’ అన్నవాటిని ‘అన్నాడు’ అని దిద్దుతూ ఒక సాయంత్రమంతా గడిపాను.

రాసింది కొన్నాళ్ళు సొరుగులో పడెయ్యమంటారు. కనీసం ఆరు వారాలు అంటాడు అమెరికన్ నవలాకారుడు స్టీఫెన్ కింగ్. రెండో ప్రతి మొదటిదానికన్నా పది శాతం తగ్గాలని కూడా ఆయన లెక్క. నాది అరవై వేల పదాల నుంచి నలభై ఏడు వేలకు దిగింది. ఆరు వారాల తర్వాత తీస్తే పన్నెండో అధ్యాయంలో పోయిన మామయ్య పద్నాలుగో అధ్యాయంలో అరుగు మీద పేపరు చదువుతూ కూర్చున్నాడు. వెంటనే తిరగరాసిన రెండో నవలలో ఇలాంటివెన్ని మిగిలాయో!

ముందుగా చదివి పెట్టేవాళ్ళను ‘ఎలా ఉంది?’ అని అడగడం దండగ. ‘బాగుంది’ అంటారు. ‘ఎక్కడ పక్కన పెట్టేశారు?’ అని అడిగితే నిజం బయటికొస్తుంది. ఇద్దరు ఒకే చోట ఆగితే అక్కడ తప్పుంది. కాకపోతే దాన్ని ఎలా దిద్దాలో వాళ్ళు చెప్పేది వినను. అది నా పని.

ప్రచురణ దగ్గర నేను చేసిన తెలివితక్కువ పని, పబ్లిషర్లకు పంపే కథా సారాంశంలో ముగింపు దాచడం. ‘మిగతాది నవలలో చదవండి’ అని సినిమా పోస్టరులా రాశాను. ఎడిటరుకు కావలసింది ఊరించడం కాదు, కథ నిలబడుతుందా లేదా అన్నది. ఎవరు చనిపోతారో, ఎవరు మిగులుతారో అన్నీ చెప్పాలి. దానితో పాటు పంపే ఉత్తరం ఒక్క పేజీ దాటకూడదు. మనలాంటి పుస్తకాలు వేసేవాళ్ళకే పంపాలి. తిప్పి పంపేవాళ్ళకన్నా అసలు జవాబే ఇవ్వనివాళ్ళే ఎక్కువ. ఎవరికి ఏ తేదీన ఏం పంపానో ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాక ఆ మౌనం కొంత తేలికైంది.

ఒక సంస్థ మాత్రం నాలుగే రోజుల్లో మీ నవల ఎంపికైందని అభినందించింది. అచ్చు ఖర్చులో సగం నన్ను భరించమంది. సంతోషంలో దాదాపు ఒప్పేసుకున్నాను. నాలుగు రోజుల్లో అంత పుస్తకం ఎవరు చదువుతారు? సొంతంగా అచ్చు వేసుకోవడం వేరు. అక్కడ డబ్బు మనది, పుస్తకాలూ హక్కులూ మనవి. ఎంపిక చేశామని చెప్పి రచయిత దగ్గరే డబ్బు గుంజేది వేరు.

మంచి ఒప్పందం వచ్చినా సంతకానికి తొందరపడకూడదు. రాయల్టీ, అంటే అమ్మకాల్లో రచయిత వాటా, పుస్తకం ధర మీదా, కమిషన్లు పోగా వచ్చే మొత్తం మీదా? ఒకే శాతానికి రెంటికీ చాలా తేడా వస్తుంది. అనువాదం, ఆడియో, సినిమా హక్కులు ఎవరికి? పుస్తకం దొరక్కుండా పోతే హక్కులు ఎప్పుడు నాకు తిరిగొస్తాయి? ఈ ఆఖరి ప్రశ్న అడిగితే నా పబ్లిషరు ఏమీ అనుకోలేదు, ఒక వాక్యం చేర్చారు. కథ ఎవరైనా కొట్టేస్తారేమోనన్న భయం మాత్రం నాకు పోయింది. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన 1886 బెర్న్ ఒడంబడికలో చేరిన దేశాల్లో, రిజిస్టరు చేయించకపోయినా రాసినదాని మీద హక్కు రచయితదే.

నాలుగో నవల ఇప్పుడు సొరుగులో ఉంది. నాలుగు వారాలైంది, ఇంకో రెండు వారాలు ముట్టుకోకూడదు. నిన్న రాత్రి ఒకసారి తీసి, మొదటి పేజీ చదివి, మళ్ళీ పెట్టేశాను.