దర్గానా, మాత్రలా, మాటల వైద్యమా?

సంక్రాంతి పోయిన వారానికి కందుకూరు నుంచి మా అక్క ఫోన్ చేసింది. "మీ బావ సరిగ్గా నిద్రపోయి నెల దాటిందమ్మాయ్. రాత్రి రెండింటప్పుడు లేచి పొగాకు కాల్చే బ్యారన్ కాడికి పొయ్యి ఒక్కడే కూర్చుంటాడు. అడిగితే పలకడు. ఏఎస్ పేట దర్గాకి తీసుకుపోనా, నెల్లూరులో డాక్టరుకి చూపించనా, నువ్వు పొయ్యొచ్చావే, ఆ మేడం కాడికి తీసుకురానా? ఏది మేలో చెప్పు" అంది.

ఫోన్లో రెండు ముక్కల్లో తేలే మాట కాదిది. ఈ ప్రశ్న మా అక్క ఒక్కదానిదీ కాదు. పొగాకు అప్పులున్న ఇంట్లో, రొయ్యల గుంట పోయిన ఇంట్లో, హాస్టల్లో ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో ఏదో ఒక రోజు ఇదే అడుగుతారు. ఈ దారులన్నిట్లో ఎంతో కొంత నడిచినదాన్ని గనక రాస్తున్నా.

ముందు నా సంగతి. 2021 మే నెలలో తెల్లవారుజామున నాలుగింటికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, నాన్న పోయారని. ఆ తర్వాత ఏ ఫోన్ మోగినా గుండె దడదడలాడేది, చేతులు చల్లబడేవి, ఊపిరి ఆడేది కాదు. కావలి నుంచి నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటకు తిరిగి ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ చేయించుకున్నా. అన్నీ నార్మల్. ఒకచోట నన్నేమీ అడక్కుండానే నిద్రమాత్రలు రాసిచ్చారు. మనలో చాలామంది "నా మనసు బాగాలేదు" అని డాక్టరు దగ్గరికి పోరు. గుండె దడ అనో, గ్యాస్ అనో, తల బరువనో పోతారు. రిపోర్టుల్లో ఏమీ దొరక్కపోయేసరికి ఇంట్లోవాళ్లు ఇదంతా ఉత్తదే అంటారు. ఉత్తది కాదు. పులిని చూస్తే ఒళ్లు ఎట్లా బిగుసుకుంటుందో, నాకు ఫోన్ మోగితే అట్లా బిగుసుకునేది.

మనవాళ్లతో చెప్పుకుంటే చాలదా అని అందరూ అడుగుతారు. చాలా బాధలకు చాలుతుంది. మా అత్తమ్మ రోజూ సాయంత్రం పక్కన కూర్చుని తల నిమిరేది, ఆ చేతికి నేను రుణపడి ఉన్నా. కానీ నాన్న మాటెత్తితే అమ్మ ఏడ్చేది. అమ్మ ఏడవకూడదని నేను మాట మింగేదాన్ని. తమ్ముడికి చెబుదామంటే, ఆ ఆసుపత్రిలో చేర్పించింది వాడు. "ఆ రాత్రి నేను అక్కడ ఉండాల్సింది" అని నేనంటే వాడికి ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. అయినవాళ్లకు మన బాధలో వాటా ఉంటుంది. అందుకే "ఎక్కువ ఆలోచించబాక, ధైర్యంగా ఉండు" అని తొందరగా ముగిస్తారు. అది ప్రేమ లేక కాదు, వాళ్లూ తట్టుకోలేక.

దర్గా సంగతి గౌరవంగానే చెబుతా. మరుసటి ఏడాది మొహర్రంకి నెల్లూరు బారా షహీద్ దర్గాలో రొట్టెల పండక్కి పోయా. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, ఊరూ పేరూ తెలియని ఒకావిడ నా చేతిలో ఆరోగ్య రొట్టె పెట్టింది. తనకు నయమైందని, నీకూ అవుతుందని చెప్పింది. "నాకు భయం జబ్బమ్మా" అని సిగ్గు పడకుండా నోరు విప్పింది నేను అక్కడే, మొదటిసారి. నాకు ఆశ పుట్టింది. ఆశ చిన్న మేలు కాదు. కానీ ఇంటికొచ్చాక ఫోన్ మోగితే మళ్లీ అదే దడ. ఇంకొక మాట. తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గరున్న ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగిని గొలుసుతో కట్టడాన్నే నిషేధించింది. మొక్కుకోండి, తాయెత్తు కట్టించుకోండి. ఎవరైనా కట్టేస్తామంటే, వాడుతున్న మందు ఆపమంటే మాత్రం ఆ క్షణమే మనిషిని ఇంటికి తెచ్చుకోండి.

ఇక మాత్రలా, మాటలా? సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు, మాటలతో, అభ్యాసాలతో పని చేస్తారు. దిగులుకు, ఆందోళనకు ఇచ్చే మాత్రల ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మన వాళ్లు పది రోజులు వేసి "పని చెయ్యడంలా" అని మానేస్తారు. అలవాటు పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది కొన్ని రకాల నిద్రమాత్రలతో, దడ తగ్గించే ఆల్ప్రాజోలం లాంటి వాటితో. రెండింటినీ ఒకే గాటన కట్టి అన్ని మందులకూ భయపడటం వల్ల చాలా నష్టం జరుగుతోంది. ఏదైనా సరే, డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు.

మాటల వైద్యం అంటే ఓదార్పు అనుకుని పోయా నేను. మొదటి రోజు 45 నిమిషాల్లో 40 నిమిషాలు ఏడ్చా. అక్క చెప్పిన ఆ మేడం, క్లినికల్ సైకాలజిస్టు, నన్ను ఊరుకోమనలేదు. అన్నాళ్లలో నన్ను ఊరుకోమనని మనిషి ఆవిడొక్కతే. రెండో వారం వందపేజీల నోటు పుస్తకం ఒకటి కొనుక్కు రమ్మని నాలుగు గడులు గీయించింది. నా పుస్తకంలో ఒక పేజీ ఇట్లా ఉంటుంది:

మంగళవారం, ఉదయం 6:10. ఫోన్ మోగింది. మనసులో మాట: అమ్మకేదో అయింది. ఒళ్లు: దడ, చెమట, భయం వందకు 90. తీరా చూస్తే: గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి.

నెల తిరిగేసరికి పుస్తకం నా ముందు పెట్టి, "ఇందులో ఎన్ని ఫోన్లున్నాయి, ఎన్ని చావు కబుర్లున్నాయి, మీరే లెక్కపెట్టండి" అంది. భయపడొద్దని ఆవిడ ఒక్కసారీ అనలేదు. అప్పటికి ఏడాదిగా నా ఫోన్ రింగ్‌టోన్ మార్చేసి ఉంది. పాత రింగ్‌టోనే మళ్లీ పెట్టించి, పక్క గదిలోంచి మా అమ్మాయి చేత ఫోన్ చేయించి, ఎత్తకుండా కూర్చోమంది. దడ పెరిగింది, పెరిగింది, తనంతట తనే దిగింది. తప్పించుకునే కొద్దీ భయం ముదురుతుందని, నిలబడితే దిగుతుందని నాకు ఒంటితో తెలిసింది. ఈ పద్ధతిని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. ఆలోచనలను ఇట్లా కాగితం మీద పెట్టి పరీక్షించే పద్ధతికి 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు రూపం ఇచ్చారు. నేను 14 సార్లు కూర్చున్నా. "ఆ రాత్రి నేను అక్కడ ఉండాల్సింది" అన్న మాట బయటికొచ్చింది తొమ్మిదోసారికి. తమ్ముడికి చెప్పలేని మాట, ఆ ఇంటి మనిషి కాని ఆవిడకు చెప్పగలిగా.

ఓ మోస్తరు దిగులుకు, ఆందోళనకు మాత్రలూ మాటలూ రెండూ పని చేస్తాయి. మాత్ర ఆపాక జబ్బు తిరగబెట్టడం కన్నా, ఈ అభ్యాసం నేర్చుకున్నాక తిరగబెట్టడం తక్కువ. జబ్బు ముదిరితే రెండూ కలిపి వాడటం మేలు. లేని గొంతులు వినిపిస్తున్నా, ఎవరో చంపబోతున్నారని అనుమానం పట్టుకున్నా మందే ముందు.

మాటల వైద్యంలో ఇబ్బందులూ ఉన్నాయి. వారం వారం బస్సెక్కి పోవాలి, ఫీజు చేతి నుంచే పెట్టుకోవాలి, ఒక్కోసారి మొదటి కొన్నాళ్లు బాధ ఎక్కువవుతుంది. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా కట్టేస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగటానికి మొహమాటపడొద్దు. నాలుగైదు సార్లు కూర్చున్నాక కూడా ఆ మనిషి దగ్గర నోరు పెగలకపోతే వేరేవాళ్లను వెతుక్కోవచ్చు.

అంత దూరం పోలేనివాళ్లు 14416కి చెయ్యండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇదంతా అక్కకు చెప్పేముందు ఒకటే అడిగా. "బావ చచ్చిపోతాననే మాట ఎప్పుడైనా అన్నాడా?" అటువైపు చాలాసేపు మాట లేదు. "మొన్న రాత్రి అన్నాడే, నేను లేకపోతే బీమా డబ్బులన్నా వస్తాయని."

అప్పుడిక నా మేడమూ వద్దు, దర్గా ప్రయాణమూ వద్దు. రేపు పొద్దున్నే ఒంగోలో నెల్లూరో, ఏ పెద్దాసుపత్రి దగ్గరైతే అక్కడ సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకుపొమ్మన్నా. ఈ రాత్రి ఒంటరిగా వదలొద్దన్నా. బ్యారన్ కాడ గుళ్ల మందు, పురుగుమందు డబ్బాలు ఏవున్నా ఇప్పుడే ఎత్తి పక్కింట్లో పెట్టించమన్నా. మాటల సంగతి నెల తర్వాత చూద్దాం, నిద్ర పట్టి నాలుగు మెతుకులు తిన్నాక, నేనే వెంటబెట్టుకుని తీసుకుపోతానన్నా.

"మరి దర్గా?" అంది.

"పోదాం అక్కా, బావ తేరుకున్నాక అందరం కలిసి. డాక్టరుకు మాత్రం రేపే."

ఫోన్ పెట్టకుండానే గోడ మీంచి పక్కింటి వదినను కేకేసింది, డబ్బాలు పెట్టుకోమని.