అటెస్టేషన్ ఫారంలో పాత కేసు: రాయాలా, దాచాలా?

ప్రభుత్వ ఉద్యోగం చేతికొచ్చేలా ఉంది. చేరేముందు మీ వివరాలు, పాత కేసులు రాసిచ్చే అటెస్టేషన్ ఫారం నింపాలి. కాలేజీ రోజుల్లో గొడవ కేసొకటి ఉంది, కోర్టు కొట్టేసింది కూడా.

రాస్తే: టెన్షన్ ముందే. ఎఫ్‌ఐఆర్, తీర్పు కాపీల కోసం కోర్టు చుట్టూ తిరగాలి. రాసినా ఉద్యోగం ఖాయం కాదు, పూర్వాపరాలు చూసే హక్కు శాఖకు ఉంటుంది.

దాస్తే: ఆ రోజుకి ఏ ఖర్చూ లేదు. కానీ పోలీసు వెరిఫికేషన్‌లో చూసేది మీ ఊరి స్టేషన్ రికార్డే! బయటపడితే కేసు కన్నా దాచడమే పెద్ద తప్పవుతుంది, చేరాక కూడా తీసేయొచ్చు. చిన్న కేసైతే దాచినా క్షమించే విచక్షణ యజమానికి ఉందని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని నమ్ముకోవడం జూదమే.

ఫారం అడిగితే, కొట్టేసిన కేసైనా రాయండి. శిక్ష గురించే అడిగితే అంతవరకే జవాబివ్వండి. ప్రైవేటు కంపెనీ అసలు అడగకపోతే మీరుగా ఎత్తక్కర్లేదు.