హన్మకొండలో హెచ్ఐవి, షుగర్ మీద సీఎంఈ: నా అనుభవం

పోయిన ఆదివారం నర్సంపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి హన్మకొండలో జరిగిన సీఎంఈకి (డాక్టర్లకు కొత్త విషయాలు నేర్పే సదస్సుకి) వెళ్లాను, వెళ్లినందుకు సంతోషంగా ఉంది. మా దగ్గరికి ఏఆర్‌టీ (హెచ్ఐవి మందులు) వాడుతున్న పేషెంట్లు ఇప్పుడు బీపీ, షుగర్, పెరిగిన బరువుతో వస్తున్నారు కదా, సరిగ్గా దాని మీదే మాట్లాడారు. డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవి మందు వాడేవాళ్లకు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మి.గ్రా. దాటించొద్దని, ఆ మందు రక్తంలో మెట్‌ఫార్మిన్‌ను పెంచుతుందని కేసులతో చూపించారు. ఐరన్, కాల్షియం మాత్రలు పరగడుపున డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు, కలిపి వేసుకుంటే భోజనంతోనే. ఇది ఆ మందు వాడే ప్రతి గర్భిణికీ చెప్పాల్సిన మాట. 2023లో వచ్చిన రిప్రీవ్ అనే అధ్యయనం ఫలితాలూ వివరించారు: హెచ్ఐవి ఉన్న 7,769 మందిలో పిటవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు తీసుకున్నవాళ్లకు గుండె జబ్బుల ముప్పు 35 శాతం తగ్గింది.

లోపమంటే సమయం. కిడ్నీ, టెనోఫోవిర్ (ఇదీ హెచ్ఐవి మందే) గురించి పది నిమిషాల్లో ముగించేశారు, నాకు చాలా బాధనిపించింది. మైక్ కూడా వెనక వరుసలకు వినపడలేదు. స్టాఫ్ నర్సులనూ, కౌన్సెలింగ్ చేసేవాళ్లనూ పిలవాల్సింది, పేషెంట్ మనసు విప్పేది వాళ్ల దగ్గరే. భోజనం బాగుంది. మళ్లీ పెడితే తప్పకుండా వెళ్తాను.